ముప్పై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. స్కూల్లో టీచర్‌ని. మాంచెస్టర్‌లో ఉండే మా చెల్లెలు చెప్తే 'కౌచ్ టు 5కె' యాప్ పెట్టుకుని పరుగు మొదలుపెట్టాను. తొమ్మిది వారాల ప్రోగ్రామ్ నాకు పద్నాలుగు వారాలు పట్టింది. జూలై ఆఖర్లో పూర్తయింది. చివరి రోజు బీచ్ రోడ్డు మీద 30 నిమిషాలు ఆగకుండా పరుగెత్తి ఇంటికొచ్చి ఆనందంతో ఏడ్చేశాను. కానీ తర్వాత ఏం చేయాలో తెలియడం లేదు. యాప్ ఇక ఏమీ చెప్పదు. వెళ్దామనుకుంటూనే వాయిదా వేస్తున్నాను. పైగా ఆ 30 నిమిషాల్లో నేను వెళ్ళింది 3.8 కిలోమీటర్లే. 5కె అని పేరు పెట్టుకుని 5 కిలోమీటర్లు కూడా రాకపోతే పూర్తిచేసినట్టా, కానట్టా? తోటి టీచర్ ఒకావిడ ఏడాది చివర జరిగే నేవీ మారథాన్‌లో హాఫ్‌కి పేరిద్దాం రమ్మంటోంది. మా అత్తగారేమో మోకాళ్ళు అరిగిపోతాయి, ఇక చాల్లే అంటున్నారు. ఈ మధ్య కుడికాలు ముందువైపు, మోకాలి కింద ఎముక వెంబడి నొప్పిగా కూడా ఉంటోంది. నేను ఇప్పుడు ఏ లక్ష్యం పెట్టుకోవాలి? షూ కూడా మార్చాలా?

సమాధానం: ముందు ఆ 3.8 కిలోమీటర్ల సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ బాధ కనిపించింది అక్కడే.

మీరు ప్రోగ్రామ్ పూర్తిచేసినట్టే. అనుమానం అక్కర్లేదు. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేసిన పద్ధతి ఇది. మొదటి వారం ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడకతో మొదలై చివరి వారానికి 30 నిమిషాల పరుగుకు చేరుతుంది. పేరులో 5 కిలోమీటర్లు ఉన్నా మీ యాప్ నిజంగా అడిగేది ఆ 30 నిమిషాలే. 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పూర్తికావాలంటే కిలోమీటరు 6 నిమిషాల్లో అయిపోవాలి. జీవితంలో మొదటిసారి, అదీ నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన మనిషికి అది చాలా వేగం. ప్రోగ్రామ్ పూర్తిచేసినవాళ్ళలో చాలామంది మీలాగే 5 కిలోమీటర్ల లోపే ఆగుతారు. ఆ సంగతి యాప్ ముందే చెప్పి ఉంటే మీకు ఈ దిగులు ఉండేది కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 30 నిమిషాల్లో 3.8 అంటే మీకు కిలోమీటరుకు దాదాపు 7 నిమిషాల 54 సెకన్లు పడుతోంది. ఇదే వేగంతో వెళ్తే 5 కిలోమీటర్లకు 40 నిమిషాల లోపే సరిపోతుంది. అంటే 5కెకీ మీకూ మధ్య మిగిలింది పది నిమిషాల పరుగు. ఒక్క సెకను కూడా వేగం పెంచనక్కర్లేదు.

పద్నాలుగు వారాలు పట్టిందని రాసిన తీరు చూస్తే దాన్ని ఓ లోపంగా అనుకుంటున్నారనిపించింది. ఐదో వారం గుర్తుందా? రెండో రోజు ఎనిమిది నిమిషాల పరుగు, ఐదు నిమిషాల నడక, మళ్ళీ ఎనిమిది నిమిషాల పరుగు. మూడో రోజుకల్లా ఒకేసారి 20 నిమిషాలు, మధ్యలో నడక లేదు. అక్కడ చాలామంది మానేస్తారు. కొందరు పంతానికి పోయి కాలు నొప్పి తెచ్చుకుంటారు. మీరు ఆ వారాలు మళ్ళీ చేసి ముందుకెళ్ళారు. చేయాల్సిన పని అదే.

ఇంకో మాట. చెల్లెలి వేగంతో పోల్చుకోకండి. ఆమె పరుగెత్తేది చల్లటి మాంచెస్టర్ గాలిలో. మీరు పరుగెత్తేది ఆగస్టు నెల విశాఖ సముద్రపు ఒడ్డున. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంటి వేడి బయటికి పోదు. ఆ వేడిని తగ్గించడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు కూడా పంపాలి కాబట్టి అదే వేగానికి ఇంకా ఎక్కువ కష్టపడినట్టు అనిపిస్తుంది. మన ఊళ్ళలో పరుగును నిమిషాల్లో కొలవడమే న్యాయం. డిసెంబరులో ఓ చల్లటి తెల్లవారుజామున ఇదే శ్రమతో మీరు ఎంత ముందుకెళ్తారో మీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయానికొస్తాను. మీ తోటి టీచర్ మాటకీ, అత్తగారి భయానికీ, కాలి నొప్పికీ, నేను చెప్పబోయే లక్ష్యానికీ అన్నిటికీ మూలం ఒక్కటే: ప్రస్తుతం మీ కాళ్ళు మీ ఊపిరి కంటే వెనకబడి ఉన్నాయి.

పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుడుకీ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాలు ప్రాణవాయువును బాగా వాడుకుంటాయి. అందుకే మొదటి వారంలో ఒక్క నిమిషానికే రొప్పిన మనిషి మూడు నాలుగు నెలలకు అరగంట పరుగెత్తగలుగుతోంది. కానీ కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్ళలాంటి స్నాయువులూ, ఎముకలూ అంత త్వరగా మారవు. వాటికి నెలలు పడుతుంది. ఎముక సంగతైతే మరీ ముఖ్యం. కొత్త బరువు పడినప్పుడు శరీరం ముందు పాత ఎముకను కొంచెం కొంచెంగా తొలగించి, ఆ తర్వాత అక్కడ గట్టి ఎముకను కడుతుంది. ఈ తీసివేతకీ కట్టడానికీ మధ్య కొన్ని వారాల పాటు ఆ చోటు బలహీనంగానే ఉంటుంది. పరుగులో ఒక్కో అడుగు పడినప్పుడు కాలి మీద మీ బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది. అరగంటలో అలాంటి అడుగులు నాలుగున్నర వేలకు పైనే. ఊపిరి 'ఇంకా వెళ్దాం పద' అంటుంది. కాలి ఎముక ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్ అయిపోగానే ఆ ఊపులో దూరం పెంచేసినవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

మీ కాలి నొప్పి గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఇవాళే ఒక పని చేయండి. కుర్చీలో కూర్చుని, కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, ఆ ముందెముక లోపలి అంచు వెంబడి మోకాలి కింద నుంచి చీలమండ దాకా బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ రండి. నాలుగైదు వేళ్ళ వెడల్పంత మేర అంతా కొంచెం కొంచెం నొప్పిగా ఉండి, పరుగు మొదట్లో నొప్పెట్టి, ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంటే అది కొత్తగా పరుగెత్తేవాళ్ళకు మామూలుగా వచ్చేదే. 'షిన్ స్ప్లింట్స్' అనేది దీన్నే. వారం పది రోజులు పరుగు మానేసి, నొప్పి రానంత వరకే నడవండి. చాలావరకు తగ్గిపోతుంది. అలా కాకుండా ఒకే చోట, వేలి కొన ఆనేంత జాగాలో, నొక్కగానే చివుక్కుమంటోందా? పరుగెత్తే కొద్దీ పెరుగుతోందా? రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతోందా? అప్పుడు ఒక్క అడుగు కూడా పరుగెత్తకండి, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. ఎముకలో సన్నటి చీలిక మొదలై ఉండవచ్చు. మొదట్లో అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని చెప్పినా నొప్పి అలాగే ఉంటే మళ్ళీ వెళ్ళి అడగండి. ఇందులో మొహమాటం వద్దు. పెయిన్ కిల్లర్ వేసుకుని పరుగుకు వెళ్ళడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ నొప్పే మీకున్న ఒకే ఒక్క హెచ్చరిక.

మామూలు నొప్పే అయి తగ్గిపోయిందనుకుందాం. అప్పుడు మీ మొదటి లక్ష్యం ఇది: ఆరు వారాల పాటు, వారానికి మూడు రోజులు, 30 నిమిషాలు. అంతకు మించి ఏమీ వద్దు.

చప్పగా ఉందనిపిస్తుందని తెలుసు. మీరు అడిగింది కొత్త లక్ష్యం, నేను చెప్తున్నది పాతదే. కానీ ఆ 30 నిమిషాలు మీరు ఇప్పటిదాకా అందుకున్నారు, ఇంకా మీవి కాలేదు. చివరి వారం ఒక్కో పరుగూ మీకు పరీక్షలాగే గడిచి ఉంటుంది. అదే పరుగు మంగళవారం పొద్దున్న పెద్దగా ఆలోచించకుండా వెళ్ళి వచ్చేసేంత మామూలు పని కావాలి. మొదటి వారం నొప్పి భయం ఉంటే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున చేయండి. మధ్యలో నడిస్తే వెనక్కి వెళ్ళినట్టు కాదు. మారథాన్‌లు పరుగెత్తేవాళ్ళలో కూడా అలా నడక కలుపుకునేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు.

వేగం ఎంతుండాలి? పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి. మీరు టీచర్ కాబట్టి తేలికైన దారి ఒకటుంది. క్లాసులో చెప్పే పద్యం ఏదైనా పైకి చదవండి. పాదం మధ్యలో ఊపిరి తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. సిగ్గుపడాల్సిన పనిలేదు, ఆ టైముకు బీచ్ రోడ్డు మీద ఫోన్‌లో అరుస్తూ నడిచేవాళ్ళే ఎక్కువ.

ఈ ఆరు వారాల్లోనే, పరుగు లేని రోజుల్లో రెండు రోజులు, ఇరవై నిమిషాలు కాళ్ళకు బలం పెంచే పని పెట్టుకోండి. నన్నడిగితే మీరు ఇప్పుడు కొత్తగా చేర్చుకోవాల్సింది ఇదొక్కటే, దూరం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామమో, 75 నిమిషాల గట్టి వ్యాయామమో చెప్తూ, దానికి తోడు రెండు రోజులైనా కండరాల బలానికి కేటాయించాలంటుంది. పరుగు సంగతి మీరు చూసుకున్నారు. రెండో సగం మిగిలిపోయింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు పొద్దున్నించీ ఇంటిపని చేస్తూనే ఉంటారు కాబట్టి వేరే వ్యాయామం ఎందుకనుకుంటారు. ఇంటిపని అలసట ఇస్తుంది, బలం ఇవ్వదు.

అన్నిటికంటే ముఖ్యమైనది పిక్కలకు సంబంధించినది. మీ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, కింది మెట్టు అంచు మీద పాదాల ముందు భాగం మాత్రమే ఆనేలా నిలబడండి, మడమలు గాలిలో ఉండాలి. ఒక చెయ్యి గోడకు ఆనించండి. రెండు లెక్కపెట్టేలోపు మడమలు పైకి లేపి, పైన ఒక క్షణం ఆగి, మూడు లెక్కపెడుతూ మెట్టు కన్నా కిందికి దించండి. పన్నెండు సార్లు, కాస్త ఆగి మళ్ళీ పన్నెండు, మళ్ళీ పన్నెండు. తర్వాత అదే మోకాళ్ళు కొంచెం వంచి చేయండి. మోకాలు వంచితే పిక్క లోపలి పొరలో ఉండే వెడల్పాటి కండరం మీద భారం పడుతుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. రెండు కాళ్ళతో తేలికైపోయాక ఒంటికాలితో చేయండి. మొదటిసారి ఒంటికాలితో ఎనిమిది కూడా రాకపోవచ్చు. దానికి కంగారుపడకండి, అంతవరకు ఆ కాలికి ఆ పని ఎప్పుడూ తగల్లేదంతే.

ఇవి కాక, పిల్లలతో చేయించే గుంజీళ్ళు మీరే చేయండి, కుర్చీలో కూర్చుని లేచినట్టు నెమ్మదిగా, నడుము నిటారుగా. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం ఒకటి. ఒంటికాలి మీద నిలబడటం ఇంకొకటి, ఇది దోసె కాలేలోపు స్టవ్ ముందే అయిపోతుంది. కొన్ని వారాలకు ఇంట్లో ఉన్న నీళ్ళ సీసాలు గానీ, ఐదు కిలోల బియ్యం సంచి గానీ చేతుల్లో పట్టుకుని గుంజీళ్ళు తీయండి. నలభైల్లోకి వచ్చిన ఆడవాళ్ళకు నెలసరి ఆగే వయసు దగ్గరపడుతుంటే ఎముకల సాంద్రత తగ్గడం మొదలవుతుంది. అలాంటప్పుడు పరుగూ, బరువులూ రెండూ ఎముకకు మేలే చేస్తాయి.

ఆరు వారాలయ్యాక 5 కిలోమీటర్లు. ఇది చాలా తేలిగ్గా వస్తుందని నాకు నమ్మకం. మూడు పరుగుల్లో రెండిటిని అలాగే ఉంచి ఆదివారం పరుగు ఒక్కటే పెంచండి. ఒక వారం 35 నిమిషాలు, తర్వాతి వారం 40. మీ లెక్క ప్రకారం ఆ 40 నిమిషాల్లోనే ఎక్కడో ఒకచోట 5 కిలోమీటర్లు దాటిపోతారు. మూడో వారం 45. నాలుగో వారం మళ్ళీ 30కి దిగండి. అలా మూడు వారాలు పెంచి ఒక వారం తగ్గిస్తూ పోతే కాలికి గట్టిపడే వ్యవధి దొరుకుతుంది. ఒకేసారి రెండు పెంచకండి. దూరం పెంచే నెలలో వేగం జోలికి వెళ్ళొద్దు, ఏటవాలు రోడ్లు ఎక్కొద్దు. మీ ఊళ్ళో ఈ మాట గట్టిగా చెప్పాలి, బీచ్ రోడ్డు నుంచి ఏ పక్కకు తిరిగినా ఎత్తే కదా.

చెల్లెలు మాంచెస్టర్‌లో ఉందన్నారు కాబట్టి ఒక సరదా ఆలోచన. బ్రిటన్‌లో శనివారం పొద్దున 'పార్క్‌రన్' అని జరుగుతుంది. 2004లో లండన్ బుషీ పార్కులో కొద్దిమందితో మొదలై ఇప్పుడు ఎన్నో దేశాలకు పాకింది. 5 కిలోమీటర్లు, ఫీజు లేదు, పరుగెత్తవచ్చు, నడవవచ్చు. అందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. అందరికంటే వెనక నడవడానికే ఒక వలంటీర్‌ను పెడతారు, దాంతో వచ్చినవాళ్ళెవరూ చివర మిగిలిపోరు. మీరు 5 కిలోమీటర్లకు చేరే రోజు శనివారం పెట్టుకోండి. మీరు తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద, ఆమె అక్కడి టైము తొమ్మిదింటికి తన పార్కులో. ఎవరి టైము ఎంతన్నది మాట్లాడుకోకుండా ఇద్దరూ ఫోటోలు పంపుకోండి.

ఇప్పుడు నేవీ మారథాన్. మీ తోటి టీచర్ ఉత్సాహాన్ని తప్పుపట్టను. ఊరంతా రోడ్డు మీదికొచ్చే ఆ పొద్దున్న చూడాల్సిందే. కానీ హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు. మీ ఇప్పటి వేగంతో అది దాదాపు రెండు ముప్పావు గంటలు. అరగంట పరుగుకే ముందెముక నొప్పెడుతున్న కాలిని నాలుగు నెలల్లో రెండు ముప్పావు గంటలకు తీసుకెళ్ళడం ఈ ఏడాదికి వద్దు. ఇందులో నాకు సందేహం లేదు. ఆవిడ ఇంతకుముందు నుంచే పరుగెత్తుతుంటే ఆవిడకు కుదరవచ్చు, మీకు కుదరదు. పట్టుదల చాలక కాదు, ఎముకకు కావాల్సిన నెలలు ఇంకా గడవలేదు కాబట్టి.

అదే రోజు చిన్న దూరాలు కూడా పెడతారు. అక్టోబరు చివరికి నొప్పి లేకుండా ఆదివారాలు 50 నిమిషాలు పరుగెత్తగలిగితే 10 కిలోమీటర్లకు పేరివ్వండి, మీకు అది గంటా ఇరవై నిమిషాల పని. లేకపోతే 5 కిలోమీటర్లే చాలు. పేరివ్వడానికి గడువు ముందే ముగుస్తుంది కాబట్టి ఆ తేదీ చూసుకోండి. నొప్పి ఇంకా ఉంటే స్నేహితురాలి కోసమనో, డబ్బు కట్టేశామనో వెళ్ళొద్దు. హాఫ్ వచ్చే ఏడాదికి ఉంచండి. అప్పుడు కూడా మొదటి హాఫ్‌కు మీ ఊరి రోడ్డే మంచిది. హైదరాబాద్ మారథాన్‌కు ఆగస్టులో వెళ్దామంటారు ఎవరో ఒకరు. ఆ దారినిండా ఫ్లైఓవర్లే, ఎక్కడం దిగడంతో సరిపోతుంది. అది రెండో హాఫ్‌కో మూడో హాఫ్‌కో.

అత్తగారి మాట కొట్టిపారేయకండి. మోకాళ్ళు అరగడం గురించి ఆవిడ చెప్పేది ఆవిడ తన చుట్టూ చూసిన మోకాళ్ళను బట్టి. కానీ లెక్కలు ఇంకోలా ఉన్నాయి. 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి చేసిన ఒక సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్ళలో నూటికి 3.5 మందిలో కనిపిస్తే, అసలు పరుగెత్తనివాళ్ళలో 10.2 మందిలో కనిపించింది. పోటీల్లో ఏళ్ళ తరబడి తీవ్రంగా పరుగెత్తినవాళ్ళలో మాత్రం 13.3. పరుగెత్తడం వల్లే తగ్గిందని దీన్నిబట్టి తేల్చలేం, కీళ్ళు బాగున్నవాళ్ళే పరుగెత్తుతుండవచ్చు కూడా. అయినా వారానికి మూడు అరగంటలు మోకాళ్ళను అరగదీస్తాయన్న భయానికి ఆధారం లేదని మాత్రం చెప్పవచ్చు. ఇప్పటికే మోకాలు వాచి ఉన్నవాళ్ళ, పాత దెబ్బ ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. ఈ అంకెలు ఆవిడకు వినిపించడం కంటే ఒక ఆదివారం ఆవిణ్ణి కూడా బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళండి. పొద్దున పూట వాహనాలు ఆపేస్తారు కాబట్టి భయం ఉండదు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఆవిడ నడుస్తూ ఉంటే మీరు ఓ చుట్టు పరుగెత్తి రావచ్చు. అరవై ఏళ్ళు దాటినవాళ్ళు అక్కడ ఎంతమంది పరుగెత్తుతున్నారో ఆవిడే చూస్తారు.

వాయిదాలు వేస్తున్నానని రాశారు. అది బద్ధకం కాదు. ఇన్నాళ్ళూ ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో చెవిలో ఒక గొంతు చెప్పింది, మీరు చేశారు. ఆ గొంతు పోగానే నిర్ణయాలన్నీ ఒక్కసారిగా మీ మీద పడ్డాయి. తెల్లవారుజామున ఐదింటికి 'ఇవాళ ఎంత, ఎటు, ఎంత వేగం' అని ఆలోచించాల్సి వస్తే ఎవరైనా మళ్ళీ ముసుగు తన్నేస్తారు. అందుకే ఆదివారం రాత్రే ఆ వారం మూడు రోజులూ, మూడు దారులూ ఒక నోట్‌బుక్‌లో రాసేయండి. పరుగయ్యాక పక్కన నాలుగు ముక్కలు: ఎన్ని నిమిషాలు, ఎలా అనిపించింది, కాలు ఎలా ఉంది, నిద్ర ఎలా పట్టింది. కిలోమీటర్లు రాయకండి, కనీసం ఈ ఆరు వారాలు. రెండు నెలలయ్యాక వెనక్కి తిప్పి చూస్తే నొప్పి ఏ పరుగు తర్వాత వచ్చిందో అందులోనే దొరుకుతుంది.

ఇంకొకటి మీరు రాయలేదు గానీ నేను అడగాలి. మీరు పరుగుకు వెళ్ళే రోజు ఇంట్లో టిఫినూ, లంచ్ బాక్సులూ ఎవరు చూస్తున్నారు? పరుగు నుంచి వచ్చి చెమట ఆరకముందే స్టవ్ ముందు నిలబడుతున్నారంటే వాయిదాలకు సగం కారణం అదే అయివుంటుంది. వారానికి మూడు పొద్దున్నలు మీ ఆయన చూసుకోవాలి. బతిమాలే విషయం కాదిది, ఇంట్లో కూర్చుని రోజులు చెప్పి పంచుకోవాల్సిన పని.

తిండి గురించి రెండు మాటలే. పరుగు వల్ల ఇప్పుడు ఆకలి పెరిగి ఉంటుంది, దాన్ని అణచుకోకండి. ఇడ్లీతో గుడ్డో, పెసరట్టో, సెనగలో, పెరుగో ఏదో ఒకటి కలుపుకుని మాంసకృత్తులు పూటపూటకూ అందేలా చూసుకోండి. బరువు తగ్గాలని తిండి తగ్గించి, అదే సమయంలో పరుగు పెంచితే ఎముక దెబ్బతినవచ్చు. ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), విటమిన్ డి, థైరాయిడ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. వేగం పెరగడం లేదని కుమిలిపోయేవాళ్ళలో కొందరికి కావాల్సింది ఐరన్. టిఫిన్‌తో పాటే టీ తాగే అలవాటుంటే ఓ గంట తర్వాతకు జరపండి, తిండిలోని ఇనుమును టీ ఒంటికి సరిగా పట్టనివ్వదు. పరుగులో ఛాతీలో బిగువు, కళ్ళు తిరగడం, మామూలుగా లేని ఆయాసం వస్తే ఆగిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇది ఏ వయసువాళ్ళకైనా వర్తిస్తుంది.

షూ సంగతి. మామూలుగా రన్నింగ్ షూ 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. పద్నాలుగు వారాల్లో మీరు పరుగూ నడకా కలిపి అందులో సగం కూడా తిరిగి ఉండరు, కాబట్టి పరుగు కోసమే కొన్నదైతే మార్చనక్కర్లేదు. స్కూలుకు కూడా అదే వేసుకెళ్తుంటే, లేదా ఇంట్లో ఉన్న పాత షూతో మొదలుపెట్టి ఉంటే మార్చండి. కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కాలి పొడవాటి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా మిగలాలి. మడమ కదలకూడదు. షాపులోనే పది అడుగులు పరుగెత్తి చూడండి. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన కాలి నొప్పి తగ్గదు, సౌకర్యంగా అనిపించిందే మీది.

ముందు ఆ వేలి పరీక్ష చేయండి. మామూలు నొప్పే అయితే అది తగ్గిన తర్వాతి సోమవారం నుంచి ఆరు వారాలు లెక్కపెట్టుకోండి. ఒకే చోట గుచ్చినట్టుంటే డాక్టర్‌ని కలిశాక ఆయన ఏమన్నారో రాయండి, దాన్నిబట్టి మిగతాది మార్చుకుందాం.